గాజు పలక మీద 2,880 బొమ్మలు: ఒక యానిమేటెడ్ డాక్యుమెంటరీ పూర్తి చేసిన అనుభవం

సినిమా నిడివి నాలుగు నిమిషాలు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపితే మొత్తం 2,880 బొమ్మలు. అన్నీ ఒకే గాజు పలక మీద వేసినవే. బొమ్మను ఫొటో తీస్తాం, రంగు తడిగా ఉండగానే వేలితోనో బ్రష్‌తోనో కాస్త జరిపి తర్వాతి బొమ్మ చేస్తాం. పాతది చెరిగితేనే కొత్తది వస్తుంది. వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలుండదు. అందుకే ఈ పని మొత్తంలో నేను గట్టిగా పట్టుకునే నియమం ఒకటుంది: శబ్దం ఖరారు కానిదే బ్రష్ ముట్టుకోను.

ఈ సినిమాకు ఆధారం ఒక మనిషి చెప్పిన మాటలు. వాటిని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డ్ చేశాను. నోటికి మూరెడు దూరంలో ఒక మైకు, అది మొరాయిస్తే పనికొచ్చేలా కాలర్‌కు ఇంకొకటి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. మాటలయ్యాక ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డ్ చేయాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు. రెండు ముక్కల మధ్య ఖాళీని పూడ్చేది ఆ నిమిషమే. అది లేకపోతే ప్రతి కత్తిరింపు దగ్గరా గది మాయమై మళ్లీ ప్రత్యక్షమైనట్టు వినిపిస్తుంది.

అనుమతి విషయంలో తొందరపడకూడదు. ముఖం కనిపించదు కదా అని మాట్లాడేవాళ్లు ధైర్యపడతారు, కానీ ఎరిగినవాళ్లు గొంతు విని ఇట్టే పోల్చుకుంటారు. ఆ సంగతి ముందే విడమరిచి చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ముందుకెళ్లాలి. కత్తిరించిన శబ్దానికి పెన్సిల్ బొమ్మలు జతచేసి వాళ్లకు ఒకసారి చూపించడం కూడా అవసరం. వద్దన్న మాటను అప్పుడు తీసేస్తే ఒక పూట పని. రంగులు వేశాక తీసేస్తే వారం గాలికి పోతుంది.

రెండు గంటల 40 నిమిషాల మాటల్ని పూర్తిగా కాగితం మీద రాసుకుని, గీతలు గీసుకుంటూ ముందు 22 నిమిషాలకు, తర్వాత తొమ్మిదికి, చివరికి నాలుగుకు తెచ్చాను. ఊపిరి పీల్చిన చప్పుడుకీ దాని వెంట వచ్చే మాటకీ మధ్య ఎప్పుడూ కోయకూడదు. కోస్తే గొంతు పట్టేసినట్టుంటుంది. కోత ఊపిరికి ముందు పడాలి.

తర్వాత ఎక్స్‌పోజర్ షీట్. ఏ మాట ఏ ఫ్రేములో మొదలై ఎక్కడ ఆగుతుందో అందులో వరుసగా రాసుకుంటాం. ఒక చోట "ఆ రోజు తలుపు..." అన్నాక 38 ఫ్రేముల మౌనం, ఆపైన "తీయలేదు" అని ఉంది. పెన్సిల్ బొమ్మల్లో అక్కడ తలుపే వేశాను. చెవి విన్నదాన్నే కన్ను మళ్లీ చదివినట్టయింది. దాన్ని తీసేసి, ఆ మౌనంలో బొటనవేలు చీర అంచును రుద్దుతూ ఉండేలా 19 బొమ్మలు వేశాను. డాక్యుమెంటరీలో బొమ్మ చేయాల్సింది, గొంతు చెప్పకుండా వదిలేసినదాన్ని అందుకోవడం. ఏదైనా దెబ్బ, చప్పుడు ఉన్న చోట బొమ్మ శబ్దానికి రెండు ఫ్రేములు ముందు పడితేనే రెండూ కలిసి పడ్డట్టు అనిపిస్తుంది.

గాజు పలక 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం. దాని కింద పది సెంటీమీటర్ల దూరంలో పాలరంగు అక్రిలిక్ షీటు, ఆ కింద ఎల్‌ఈడీ ప్యానెల్. షీటును గాజుకు అంటించి పెడితే దాని మీది దుమ్ము, గీతలు ఫోకస్‌లోకి వచ్చేస్తాయి. కెమెరా పైనుంచి నిటారుగా చూస్తోందా లేదా తేల్చుకోవడానికి గాజు మీద చిన్న అద్దం ఉంచండి. లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము మధ్యలో కనిపిస్తే చాలు, స్పిరిట్ లెవెల్‌తో పనిలేదు.

ఎక్కువగా ఏడిపించేది వెలుతురు మినుకు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో పెట్టినా అది పోకపోతే తప్పు లెన్స్‌ది. కెమెరా నడిపే అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ప్రతి ఫొటోకీ మూసుకుని తెరుచుకుంటుంది, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా వస్తుంది. చేత్తో తిప్పే అపర్చర్ రింగ్ ఉన్న పాత లెన్స్ తగిలిస్తే ఆ గొడవ తీరుతుంది. నేను ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100, అర సెకను షట్టర్ వాడాను. డిమ్మర్ తగ్గించిన ఎల్‌ఈడీ వేగంగా వెలిగి ఆరుతుంటుంది, షట్టర్ వేగం ఎక్కువైతే అది దొరికిపోతుంది. నల్ల చొక్కా వేసుకోవాలి, లెన్స్ చుట్టూ నల్ల అట్ట పెట్టాలి. లేకపోతే గాజులో మన నీడే కదులుతుంది.

రంగు ఆయిల్ పెయింటే. కింద నుంచి వెలుతురు వస్తుంది కాబట్టి పలచటి పూత లేతగా, మందపాటి పూత చీకటిగా కనబడుతుంది. త్వరగా ఆరిపోకుండా బఠానీ గింజంత రంగుకు ఒక చుక్క లవంగ నూనె కలుపుతాను. రెండో చుక్క పడితే అంచులు పాకుతాయి. ఒక హెచ్చరిక: లిన్సీడ్ నూనె అంటిన గుడ్డలను ఉండగా చుట్టి పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకోగలవు. నీళ్లు పోసి, మూత ఉన్న రేకు డబ్బాలో వేయాలి.

అయిదు సెకన్ల షాటుకు 60 బొమ్మలు. నాకు ఒక రోజుకు సరిపోయింది. అలా 48 రోజులు. షాటును రాత్రికి సగంలో వదిలేయకూడదు: రంగు జారుతుంది, దుమ్ము పడుతుంది, చెక్క స్టాండు తేమకు కదులుతుంది. మోచేయి తగిలి గాజు జరిగితే సాఫ్ట్‌వేర్‌లో పాత ఫ్రేమును లీలగా చూపించి మళ్లీ కలపొచ్చు, కానీ ఆ అతుకు పెద్ద తెర మీద తెలిసిపోతుంది. షాటు మొదటి నుంచీ వేయడమే మేలు.

థియేటర్ కోసం డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్ ఆడించే డిజిటల్ ప్రతి) చేసేటప్పుడు సెకనుకు 23.976 ఫ్రేముల వేగం దగ్గర జాగ్రత్త. 5,760 ఫ్రేములను 24 బదులు ఆ వేగంతో ఆడిస్తే 240 సెకన్లకు బదులు 240.24 అవుతుంది. శబ్దం 24 లెక్కలోనే ఉంటే చివరికి బొమ్మ ఆరు ఫ్రేములు వెనకబడుతుంది. మొదటి రోజే ప్రాజెక్టును సరిగ్గా 24లో తెరవాలి.

చిత్రోత్సవాలకు పంపేముందు ప్రీమియర్ (మొదటి ప్రదర్శన) నిబంధన చదవండి. నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన సినిమాను కొన్ని తీసుకోవు; పాస్‌వర్డ్ ఉన్న లింకుతోనే పంపాలి. యానిమేషన్, డాక్యుమెంటరీ రెండు విభాగాలూ ఉంటే నేను డాక్యుమెంటరీనే ఎంచుకుంటాను, ఎందుకంటే ఈ సినిమా నిలబడింది ఆ గొంతు మీద.

గాజు మీద చివరి బొమ్మ తప్ప ఏదీ మిగలదు, కాబట్టి అసలు ప్రతి అంటే కెమెరా తీసిన రా (ముడి) ఫొటో ఫైళ్లే. ఒక్కోటి 25 మెగాబైట్లు, అన్నీ కలిపి 72 జీబీ. వేర్వేరు చోట్ల రెండు డిస్కుల్లో ఉంచాను, కత్తిరించని రికార్డింగ్‌తో సహా. మూడో డిస్కు మాట్లాడిన మనిషి దగ్గరుంది.