తలల లెక్క

బస్సు కదిలేముందు మూడుసార్లు లెక్కపెట్టాను. మొదటిసారి 23 వచ్చింది. రెండోసారి 22. మూడోసారి 24. ఆ ఇరవైనాలుగో తల ఎవరిదా అని చూస్తే, సాయానికి వచ్చిన ఒక పాప నాన్నగారిది. కూతురి పక్క సీట్లో ఒదిగి కూర్చుని, ఆమె వాటర్ బాటిల్ మూత బిగిస్తున్నారు. ఆయన్ని ముందు సీటుకి పంపించి, జట్టు లీడర్లనే, అంటే పెట్రోల్ లీడర్లనే, లెక్క చెప్పమన్నాను. "గద్దలు ఆరు." "తోడేళ్ళు ఆరు." "జింకలు ఆరు." "కొంగలు ఐదు మేడమ్!" సరిపోయింది. ఏడేళ్ళుగా స్కౌట్ ట్రూప్ నడుపుతున్నాను. ముందు వాళ్ళని అడగాలని తెలిసి కూడా ప్రతిసారీ నేనే లెక్కపెట్టి తప్పుతాను.

పెట్రోల్ అంటే స్కౌట్లలో సుమారు ఆరేడుగురు పిల్లల జట్టు. లీడర్ కూడా వాళ్ళలో ఒకరే. క్యాంపుకి ముందు తల్లిదండ్రుల మీటింగులో "పెట్రోల్ పద్ధతి మాకు చాలా ముఖ్యం" అని చెబుతుంటే, ఒకాయన చెయ్యెత్తి అది బస్సు చార్జీలో కలిసే ఉందా, విడిగా కట్టాలా అని అడిగారు. అప్పటినుంచీ మొదట "జట్టు" అని చెప్పి, ఆ తర్వాతే పెట్రోల్ అంటున్నాను.

రెండు రాత్రుల క్యాంపు. అడవి అంచున మైదానం, పక్కన వాగు, ఒక రాతి షెడ్డు. బస్సు దిగినచోటు నుంచి తొమ్మిది కిలోమీటర్లు నడవాలి. నాతో కలిపి పెద్దవాళ్ళం నలుగురం. నేను, మా పెద్ద మాస్టారు, పోయినేడే చేరిన కుర్ర లీడర్, బాటిల్ మూత నాన్నగారు. పిల్లల్లో మావాడూ ఒకడు, జింకల పెట్రోల్. ట్రూపులో ఉన్నంతసేపూ నన్ను "మేడమ్" అనాలని వాడికీ నాకూ ఒప్పందం.

నా బ్యాగులో అన్నిటికంటే బరువు కాగితాలదే. అనుమతి పత్రాలు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఏ మందు ఏ పూట అన్న పట్టిక. ఒకరికి ఇన్‌హేలర్, ఒకరికి వేరుశనగ పడదు, ఒకరికి భోజనం తర్వాత సగం మాత్ర. ఇవన్నీ నెల ముందే రాసిమ్మంటాం. అయినా అసలు విషయం బస్సు దగ్గరే బయటపడుతుంది. ఈసారీ అంతే. ఒక తల్లి నన్ను పక్కకి తీసుకెళ్ళి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది: "రాత్రిళ్ళు అప్పుడప్పుడు పక్క తడిపేస్తాడండీ. ఎవరికీ తెలియకూడదు. పదకొండేళ్ళు కదా, సిగ్గు." తలూపాను. ఇలాంటివాళ్ళ కోసం నా టెంట్లో ఎప్పుడూ ఒక స్లీపింగ్ బ్యాగ్ అదనంగా ఉంటుంది. రాత్రి పదింటికి ట్రూప్ మొత్తాన్నీ బాత్రూముకి నడిపిస్తాం, ఏ ఒక్కరి పేరూ ఎత్తం. వెళ్ళనన్నవాడిని కూడా "లైను పూర్తి కావాలి, రా" అంటాం. ఈ ఉపాయం మా మాస్టారిది. ఆయన మెడలో రెండు చెక్కపూసలు ఉంటాయి. 1919లో లండన్ దగ్గర గిల్వెల్ పార్కులో మొదలైన లీడర్ల శిక్షణ పూర్తి చేసినవాళ్ళకి ఇచ్చే పూసలవి. దాన్నే వుడ్ బ్యాడ్జ్ అంటారు. ఆ శిక్షణలో తాళ్ళు కట్టడం నేర్పారు గానీ తల్లులతో మాట్లాడటం నేర్పలేదని ఆయన నవ్వుతుంటారు.

నడక ఎంతసేపు పడుతుందో అంచనా వెయ్యడానికి నాకు నెయిస్మిత్ సూత్రమే గతి. విలియం నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఇది. గంటకి ఐదు కిలోమీటర్లు, ఎక్కాల్సిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకీ ఇంకో గంట. మా దారి తొమ్మిది కిలోమీటర్లు, 300 మీటర్ల ఎక్కుడు. అంటే దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు. పిల్లలు కదా అని నాలుగు గంటలు వేసుకున్నాను. ఐదు పట్టింది. పాపం నెయిస్మిత్ లెక్కలో బూట్ల లేసులు లేవు. "మేడమ్, ఇంకెంత దూరం" లేదు. చెట్టు మీద ఉడతని చూసి ఒకడు ఆగిపోతే వెనకాల పదిమంది ఆగిపోవడం లేదు. అందరికంటే నెమ్మదిగా నడిచే పాపని ముందు పెట్టాం. వెనక పెడితే ముందువాళ్ళు ఆగి రెస్టు తీసుకుంటారు, ఆ పాప వాళ్ళని అందుకోగానే అందరూ లేచి నడుస్తారు. పాపం ఆ పిల్లకి మాత్రం రెస్టే ఉండదు. మడమ దగ్గర మంటగా ఉందని చెప్పినవాళ్ళని అక్కడికక్కడే కూర్చోబెట్టి టేపు వేశాం. మంటగా ఉన్నప్పుడే టేపు వేస్తే సరిపోతుంది, బొబ్బ లేచాక మిగతా దారంతా ఏడుపే.

తోడేళ్ళు మాకంటే ఇరవై నిమిషాల ముందు కుర్ర లీడర్‌తో వెళ్ళి, దారిలో రాళ్ళతో గుర్తులు పెడుతున్నారు. బాణం గుర్తు ఉంటే అటు వెళ్ళాలి, ఇంటూ మార్కు ఉంటే వెళ్ళకూడదు. చివర్లో సున్నా చుట్టి మధ్యలో చుక్క పెడితే "నేను ఇంటికి వెళ్ళిపోయాను" అని. స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్-పవెల్ 1941లో కెన్యాలో పోయారు. న్యేరీలో ఆయన సమాధి రాయి మీద ఉన్నదీ ఆ సున్నా, చుక్కే. ఇది చెప్పగానే పిల్లలు ఒక్క నిమిషం గప్‌చుప్. ఆ వెంటనే "మరి బాణం పెడితే?" అని ఒకడు.

రెండు దారులు చీలేచోట బాణం చెదిరిపోయి ఉంది. మ్యాపు చూసుకుని సరైన దారిలోనే వెళ్ళి, కొంచెం ముందుకెళ్ళాక నీళ్ళకి ఆగాం. లేచేటప్పుడు లెక్క. "గద్దలు ఆరు." "కొంగలు ఐదు." "జింకలు..." ఆ పిల్ల గొంతు ఆగిపోయింది. "ఐదు మేడమ్."

లేనిది మావాడు.

అప్పుడు నాకేమైందో చక్కగా చెప్పలేను. కాళ్ళు చల్లబడ్డాయి. ఇంకో పిల్లాడైతే ఏం చెయ్యాలో వరసగా గుర్తొచ్చేది: అందరినీ కూర్చోబెట్టాలి, విజిల్ మూడుసార్లు ఊదాలి, ఆఖరిసారి ఎక్కడ చూశారో అడగాలి. మా మాస్టారే అవన్నీ చేశారు. వచ్చిన దారినే నేను వెనక్కి పరుగెత్తాను. మావాడు ఆ చీలిక దగ్గర గొంతుక్కూర్చుని, నాలుక కొంచెం బయటపెట్టి, రాళ్ళు సర్దుతున్నాడు.

"బాణం చెదిరిపోయింది కదా మేడమ్. వెనకొచ్చేవాళ్ళు తప్పిపోతారు."

"వెనక ఎవరూ లేర్రా! మనమే ఆఖరు!"

అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. ఒంటరిగా కదలకూడదు, జంటగానే వెళ్ళాలి అని ఎన్నిసార్లు చెప్పాను అంటూ, అందరి ముందుకీ తీసుకొచ్చి మరీ మళ్ళీ మొదలుపెట్టాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నడక సాగాక మాస్టారు పక్కకి వచ్చి మెల్లగా అడిగారు: "వేరే పిల్లాడైతే ఇంత అనేవారా అమ్మా?" అనేదాన్ని కాదు. సొంత పిల్లాడికి పక్షపాతం చూపిస్తున్నానని ఎవరైనా అంటారేమోనన్న భయం మా లీడర్లలో చాలామందికి ఉంటుంది. దాంతో పక్షపాతం తిరగబడి, వాడికే రెండింతలు పడుతుంది. 1907లో ఇంగ్లండ్ దగ్గరి బ్రౌన్‌సీ దీవిలో బేడెన్-పవెల్ పెట్టిన మొట్టమొదటి క్యాంపులో కూడా ఆయన అన్న కొడుకు ఉన్నాడు, డొనాల్డ్ అని తొమ్మిదేళ్ళవాడు. అందరి ముందూ వాడికెన్ని అక్షింతలు పడ్డాయో ఎవరూ రాసిపెట్టలేదు.

మైదానానికి చేరాక పిల్లల పని మొదలైంది. మా పని కూడా, అంటే చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడటం. వినడానికి హాయిగా ఉంటుంది గానీ, అడుగంటిపోతున్న గిన్నెని ఐదడుగుల దూరంలో నిలబడి చూస్తూ నోరు మూసుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. నాన్నగారు రెండుసార్లు మంట దగ్గరికి వెళ్ళారు, రెండుసార్లూ ఏదో పని చెప్పి వెనక్కి పిలిచాం. మూడోసారి ఆయనే ఆగి, "వాళ్ళు చేస్తారంటారా?" అన్నారు. మాడ్చారు. మాడిందే తిన్నారు. గద్దల పెట్రోల్ అయితే మాడిన భాగం ఎవరికి రావాలో చీటీలు కూడా వేసుకుంది.

కొంగలు తమ సామాను మీద కట్టుకున్న టార్పాలిన్ దగ్గర నా చూపు ఆగింది. ఒక లావు తాడునీ సన్న తాడునీ రీఫ్ నాట్ అనే ముడితో కలిపారు. రీఫ్ నాట్ గాయానికి కట్టు కట్టడానికి, మూట కట్టడానికి బాగుంటుంది గానీ, రెండు తాళ్ళ లావులో తేడా ఉంటే జారిపోతుంది. అక్కడ వెయ్యాల్సింది షీట్ బెండ్ అనే ముడి. కుర్ర లీడర్ కూడా చూశాడు. "చెప్పేద్దామా మేడమ్?" అన్నాడు. వద్దన్నాను. జారితే బట్టలు తడుస్తాయి, అంతేగా.

రాత్రి పది లైను అయింది. నేను పడుకున్నదీ లేదు, నిద్రపోయిందీ లేదు. దగ్గు వినిపిస్తే ఇన్‌హేలర్ పిల్లాడా అని లేచేదాన్ని. ఒక టెంటు బయట ఏడుపు వినిపించింది. ఇల్లు గుర్తొచ్చిన పాప. ఇలాంటప్పుడు ఒక్కరమే వెళ్ళకూడదు. పెద్దవాళ్ళలో ఎవరూ ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదన్నది స్కౌట్లలో పిల్లల రక్షణ కోసం పెట్టిన నియమం. కాబట్టి మాస్టారిని కూడా లేపాను. ఇద్దరం ఆ పాపకి అటూఇటూ కూర్చుని, రేపు చెయ్యబోయే పనులన్నీ చెప్పాం. ఇంటికి ఫోన్ చేస్తానంది. పొద్దున చేద్దాం అన్నాను. అర్ధరాత్రి అమ్మ గొంతు వింటే ఏ పిల్లా క్యాంపులో నిలవదు. పొద్దున్నకి ఫోన్ సంగతే మర్చిపోయింది.

రెండో రాత్రి రెండు గంటలకి ఆకాశం మెరిసింది. టెంట్లో కూర్చుని లెక్కపెట్టాను: ఒకటి, రెండు, మూడు... పద్దెనిమిదికి ఉరిమింది. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది, అంటే పిడుగు ఆరు కిలోమీటర్ల అవతల. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పక్కా భవనంలోకో, లోహపు పైకప్పు ఉండి అద్దాలు మూసిన బండిలోకో వెళ్ళిపోవాలి. టెంటు పిడుగుని ఆపదు. విజిల్ ఊదాం. తాళ్ళు వాళ్ళే కట్టుకుంటారు, మాడింది వాళ్ళే తింటారు, కానీ పిడుగు దగ్గర పెట్రోల్ పద్ధతి లేదు, చర్చ లేదు, చేతులు జేబుల్లో లేవు. "లేవండి, బూట్లు వేసుకోండి, షెడ్డులోకి!" అని అరిచాను. ఏడేళ్ళలో ఇంత గట్టిగా అరవడం రెండోసారో మూడోసారో.

షెడ్డు గుమ్మంలో నిలబడి ఒక్కొక్క తల మీదా చెయ్యి వేసి లెక్కపెట్టాను. పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఆగిపోయాను. అప్పుడు చీకట్లోంచి మావాడు ఇంకో పిల్లాడి చెయ్యి పట్టుకుని వచ్చాడు, ఒక బూటు చేతిలో. "జంటగా వచ్చాను మేడమ్" అన్నాడు. ఆ రెండో పిల్లాడిని అంతకుముందే లెక్కపెట్టేశాననుకున్నాను. మళ్ళీ మొదటినుంచి లెక్కపెడితే 23.

వాన దంచికొట్టింది. ఉరిమిన ప్రతిసారీ గడియారాన్ని మళ్ళీ సున్నాకి తెచ్చాం. ఆఖరి ఉరుము వినపడ్డాక అరగంట ఆగాలి కదా. తెల్లవారుజామున నాలుగైంది. ఈలోపు కొంగల టార్పాలిన్ తాడు జారిపోయింది. దాని కింద పెట్టిన బట్టలు, సంచులు నానిపోయాయి. వాళ్ళ లీడర్ పన్నెండేళ్ళ పిల్ల. షెడ్డు వెలుతురులో తాడు ముక్కలు ముందేసుకుని తనంతట తానే షీట్ బెండ్ వేసి, విప్పి, మళ్ళీ వేస్తూ కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. గాలికి టెంట్లలోకీ జల్లు కొట్టింది. ఆ రాత్రి 23 పడకలూ తడిశాయి, నా అదనపు స్లీపింగ్ బ్యాగ్ కూడా. ఒక తల్లి గొంతు తగ్గించి చెప్పిన రహస్యం ఎవరికీ తెలిసే అవకాశమే లేకపోయింది. పొద్దున ఆ పిల్లాడు అందరితోపాటు తన బ్యాగుని తాడు మీద ఆరేసుకుంటూ ఈల వేశాడు.

తిరిగొచ్చాక పెద్దగా చెప్పడానికేం లేదు. బస్సు ఆగింది, తల్లిదండ్రులు వచ్చారు, తడి బ్యాగులు ముట్టుకుని మొహాలు చిట్లించారు. "మీకేంటి మేడమ్, రెండు రోజులు హాయిగా అడవిలో" అన్నారొకరు. నవ్వాను. ఆఫీసుకి పెట్టిన సెలవు సంగతి ఆవిడకి ఎందుకు.

ఒక్క పిల్లాడి కోసం మాత్రం ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తే "దారిలో ఉన్నాం" అన్నారు. గంటా పది నిమిషాలు. ఇక్కడా అదే నియమం, ఒక్కరమే ఉండకూడదు. మాస్టారు, నేను ఇద్దరమూ ఆగిపోయాం. పిల్లాడు రోడ్డు వైపు చూడటం మానేసి బూట్ల వైపు చూస్తున్నాడు. మాస్టారు జేబులోంచి తాడు తీసి, "బౌలైన్ ముడి మర్చిపోయాను బాబూ, ఒకసారి చూపించు" అన్నారు. ఆయన బౌలైన్ నిద్రలో కూడా వేస్తారు. వాళ్ళ నాన్న వచ్చేసరికి పిల్లాడు మూడోసారి చూపిస్తున్నాడు, "సార్, మీరు సరిగ్గా చూడట్లేదు" అని విసుక్కుంటూ.

తడి టెంట్లని మడిచి ఉంచితే బూజు పడుతుంది. అందుకే ఇంటికి రాగానే హాల్లో, వరండాలో, మంచాల మీద పరిచాం. మావాడు "అమ్మా, ఆకలి" అన్నాడు, మూడు రోజుల తర్వాత మొదటిసారి అమ్మా అని. తిని అక్కడే, తడి గుడ్డ పక్కన నిద్రపోయాడు. నేను టెంటు మేకులు ముందు పోసుకుని కూర్చున్నాను. 72 ఉండాలి. 71 వచ్చాయి.

మళ్ళీ మొదలుపెట్టాను.