సంపులో పాచి

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్ళు బెజవాడ సింగ్ నగర్‌లో మా వీధిలో రోజుల తరబడి నిలబడిపోయాయి. అవి పోయాక ఇంట్లో అన్నిటికన్నా ఆలస్యంగా బాగుపడింది సంపు. బురద తోడించాం, బ్లీచింగ్ వేశాం. వారం తిరక్కుండా గోడ మీద చెయ్యి పెడితే మళ్ళీ జర్రున జారింది. మళ్ళీ బ్లీచింగ్, మళ్ళీ పాచి. మూడోసారి మా మామగారు, "నువ్వు పిల్లలకి చెప్పేది ఈ సూక్ష్మజీవుల గురించే కదమ్మా?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

నేను డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. బయోఫిల్మ్‌కి తెలుగేమిటని పిల్లలు అడిగితే 'పాచి' అంటాను. చీకటి సంపు గోడ మీద జిగురూ పాచే, పొద్దున్నే పళ్ళ మీద ఉండేదీ పాచే. మైక్రోస్కోపు లేకుండానే మనవాళ్ళు రెంటినీ ఒక్క గాటన కట్టేశారు. నీళ్ళలో ఒంటరిగా ఈదే బాక్టీరియాకి కష్టకాలం వస్తే, చాలా జాతుల్లో, లోపల సైక్లిక్ డై-జీఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. అంతే, ఈత మానేస్తుంది. గోడని పట్టుకుని, చక్కెరలూ ప్రోటీన్లూ కలిసిన జిగురు చుట్టూ పోసుకుని కూర్చుంటుంది.

నాలుగోసారికి ట్యాంకులు కడిగే అబ్బాయిని పిలిపించాం. నా బ్లీచింగ్ డబ్బా చూసి, "ఎంత చల్లినా ఏం లాభం మేడం, ముందు గోకాల. గోక్కుండా మందేస్తే పైపైనే పోద్ది" అన్నాడు. నేను క్లాసులో అరగంట చెప్పేది అదే! క్లోరిన్ పైపొర జిగురుతో కలబడి అక్కడే ఖర్చయిపోతుంది. లోపల దాక్కున్నవాటికి చేరేది చావుకి చాలనంత. అరకొర దెబ్బతో ఇంకో చిక్కు కూడా ఉంది. 2005లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్‌ని చంపలేనంత తక్కువ మోతాదులో ఇస్తే, సూడోమోనాస్ ఏరుజినోసా అనే బాక్టీరియా కట్టే పాచి తగ్గలేదు, పెరిగింది. మూడుసార్లూ నేను చేసింది ఇంచుమించు అలాంటి పనే అని అప్పుడు తట్టింది. ఆ అబ్బాయి గట్టి బ్రష్షుతో రెండు గంటలు గోకి, కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్ పోశాడు.

"అంత గోకడమెందుకు, మోటారు పెట్టి జోరుగా నీళ్ళు కొడితే పోదూ?" అని మామగారు. జోరుకి లొంగనివీ ఉన్నాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చే ఈ.కోలై ఒంటి నిండా సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు కొసన ఫిమ్-హెచ్ అనే ప్రోటీన్ మన మూత్రాశయం గోడ మీది మానోస్ చక్కెరని పట్టుకుంటుంది. ప్రవాహం మెల్లగా ఉంటే పట్టు వదిలి పక్కకి జరుగుతుంది. జోరుగా లాగితే మాత్రం బిగుస్తుంది, బొక్కెనకి వేసిన ఉరిముడిలా. మరీ లాగితే తెగుతుందనుకోండి, ఏ ముడికైనా ఒక హద్దుంటుంది.

అతుక్కోవడం ఒక ఎత్తు, రోగం తేవడం ఇంకో ఎత్తు. జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లాని 30 డిగ్రీల దగ్గర పెంచితే పేగు కణాల్లోకి చొరబడలేదు. 37కి తెస్తే చొరబడుతుంది. చల్లగా ఉన్నంతసేపు హెచ్-ఎన్ఎస్ అనే ప్రోటీన్ చొరబాటుకి కావలసిన జన్యువుల మీద మూతలా కూర్చుంటుంది, ఒంటి వేడికి డీఎన్ఏ వంపు సడలి మూత తొలగుతుంది. ఇది చెప్పిన రోజు వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "మే నెల్లో బెజవాడ బయటే 42 ఉంటది కదా మేడం. దానికి మనిషేదో ఊరేదో ఎట్టా తెలుసుద్ది?" క్లాసంతా గొల్లుమంది. నన్నెవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. అది వేడి ఒక్కటే చూసుకోదు. చుట్టూ ఉప్పెంత, ఆమ్లమెంత, పేగు గోడ దగ్గర ఆక్సిజన్ ఎంత, ఇవన్నీ లెక్కేసుకుంటుంది. మన ఎండ ఒక తాళం తీస్తుందేమో, మిగతావి తీయలేదు.

ఈ అతుక్కునే గుణమే ఒక్కోసారి మనకి కలిసొస్తుంది. మా అమ్మమ్మ ఏలూరు కాలువ నీళ్ళు తెచ్చే రోజుల్లో బిందె మూతికి పాత నేతచీర నాలుగు మడతలేసి కట్టేది. కలరా బాక్టీరియా గుడ్డలోంచి సులువుగా దూరిపోతుంది. కానీ అది నీళ్ళలో ఎక్కువగా కోపీపాడ్ అనే బుల్లి పురుగుల ఒంటి పెంకుని పట్టుకుని బతుకుతుంది. పురుగు గుడ్డ మీద చిక్కితే ఇదీ చిక్కుతుంది. బంగ్లాదేశ్ పల్లెల్లో ఆడవాళ్ళ చేత అలాగే చీర మడతల్లో వడగట్టించి చూస్తే కలరా 48 శాతం తగ్గిందని 2003లో అమెరికా శాస్త్రవేత్త రీటా కాల్‌వెల్ బృందం ప్రచురించింది. కొత్త చీర కన్నా ఉతికి ఉతికి నూలు పొంగిన పాత చీరే మేలట, కన్నాలు ఇంకా సన్నబడతాయి కాబట్టి.

ఇదంతా ఓసారి అమ్మమ్మకి పూసగుచ్చినట్టు చెప్పాను. ఓపిగ్గా వింది. "నలకలు పడతాయని కట్టేదాన్నే" అంది. "అయినా బిందెకి కొత్త చీర ఎవత్తి కడుద్ది?"