స్పీకర్లు బుస కొడుతుంటే: లెవెల్స్ కుదుర్చుకున్న నా అనుభవం

మా చర్చిలో ఆదివారాలు గిటార్ వాయిస్తాను. ఇంట్లో సాధనకు ఒక మోడలర్ (గిటార్ ఆంప్లిఫయర్ల శబ్దాన్ని అనుకరించే డిజిటల్ పెట్టె), పాత ఎనిమిది ఛానెళ్ల మిక్సర్ ఉన్నాయి. ఇన్నాళ్లూ హెడ్‌ఫోన్స్‌తో గడిచిపోయింది. దసరా ఆఫర్లలో 5 అంగుళాల స్టూడియో మానిటర్ల (రికార్డింగ్ పనికి వాడే స్పీకర్ల) జత కొన్నాక మొదలైంది అసలు గోల.

కేబుళ్లు గుచ్చి స్విచ్ వేశానో లేదో, గిటార్ ముట్టుకోకముందే రెండు స్పీకర్లూ బుస కొట్టాయి. వాయిస్తే క్లీన్ టోన్ (గరగర లేని శుభ్రమైన శబ్దం) కూడా, కాస్త గట్టిగా మీటినప్పుడల్లా చిటపటలాడింది. కేబుళ్లు మార్చాను, ఎక్స్‌టెన్షన్ బోర్డు మార్చాను. స్పీకర్లు వెనక్కి పంపేద్దామని అట్టపెట్టె కూడా దాచి ఉంచాను.

చివరికి చర్చిలో సౌండ్ చూసే అన్నకు ఫోన్ చేశాను. పెళ్లిళ్లకు మైక్‌సెట్లు వేసి వేసి చెవులు పండిన మనిషి. అంతా విని, "మోడలర్ మీద వాల్యూమ్ ఎక్కడుంది తమ్ముడూ?" అన్నాడు. పావు వంతు. "మిక్సర్ గెయిన్?" లోపలికి వచ్చే సిగ్నల్‌ను పెంచే ఆ నాబు దాదాపు చివరిదాకా. "స్పీకర్ల వెనక?" ఫుల్లు. "ఇంకేం! మొదట్లో గొంతు నొక్కేసి చివర్లో అరవమంటున్నావు."

ప్రతి పెట్టెలోనూ సన్నటి బుస ఎంతో కొంత ఉంటుంది. సిగ్నల్ మొదటి పెట్టెలోంచే బలంగా బయల్దేరితే ఆ బుస దాని కింద అణిగిపోతుంది. నీరసంగా బయల్దేరితే మనం తర్వాత తిప్పే ప్రతి నాబూ గిటార్‌తో పాటు బుసనూ పెంచుతుంది. నేను చేసింది సరిగ్గా అదే.

పైగా రెండు సెట్టింగులు తప్పుగా ఉన్నాయి. ఒకప్పుడు ఆంప్ ముందు పెట్టుకున్నప్పుడు మోడలర్ అవుట్‌పుట్‌ను నీరసమైన సిగ్నల్ పంపే 'ఇన్‌స్ట్రుమెంట్'లో పెట్టి మరిచిపోయాను. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు బలమైన సిగ్నల్ పంపే 'లైన్' ఉండాలి. మానిటర్ల వెనక, ఎంత బలమైన సిగ్నల్ వస్తుందో చెప్పే స్విచ్చేమో +4లో కాకుండా −10లో ఉంది. +4 డీబీయూ అంటే సుమారు 1.23 వోల్టులు, −10 డీబీవీ అంటే 0.32 వోల్టులు; తేడా 12 డెసిబెల్స్ దాకా. మిక్సర్ +4లో పంపుతుంటే మానిటర్లు నీరసమైన సిగ్నల్ వస్తుందనుకుని, వచ్చినదాన్ని, బుసతో సహా, నాలుగింతలు చేస్తున్నాయి.

ఉత్సాహంలో మిగతావేవీ తగ్గించకుండానే మోడలర్‌ను 'లైన్'కు మార్చి ఒక్క కార్డ్ కొట్టాను. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. మీరు మాత్రం ముందు మానిటర్లు ఆపేయండి.

ఈసారి అన్న చెప్పిన వరుసలో వెళ్లాను. మానిటర్ల స్విచ్ +4కు. మానిటర్ నాబులు, ఫేడర్లు (మిక్సర్ మీద పైకీ కిందికీ జరిపే వాల్యూమ్ మీటలు), గెయిన్ అన్నీ కిందికి. మోడలర్ వాల్యూమ్ పూర్తిగా పైకి. నా ప్యాచ్‌లలో (మోడలర్‌లో దాచుకున్న టోన్లలో) అన్నిటికన్నా గట్టిదాన్ని పెట్టి, చర్చిలో వాయించేంత బలంగా మీటుతూ, మిక్సర్ మీద పీఎఫ్ఎల్ (ఫేడర్‌కు ముందే ఆ ఛానెల్ సిగ్నల్‌ను మీటర్ మీద చూపే బటన్) నొక్కి గెయిన్ పెంచుకుంటూ వచ్చాను. మీటర్ 0 చుట్టూ ఆడుతూ, గట్టి దెబ్బకు +6 తాకాలి. సిగ్నల్ హద్దు దాటుతోందని చెప్పే పీక్ ఎర్రలైటు వెలగకూడదు. తర్వాత ఛానెల్ ఫేడర్, మెయిన్ ఫేడర్ రెండూ 0 గీత మీదికి. ఆఖరున మానిటర్ నాబులు మెల్లగా తిప్పి, గదికి సరిపడా శబ్దం వచ్చాక వదిలేశాను. అవి సగం కూడా తిరగలేదు. బుస వినాలంటే స్పీకర్‌కు చెవి ఆనించాల్సి వచ్చింది.

చిటపట మాత్రం పోలేదు. మిక్సర్‌లో ఎర్రలైటు లేదు, గెయిన్ తగ్గిస్తే చిటపట చిన్నదవుతోంది తప్ప మాయం కావడం లేదు. అంటే అది మిక్సర్‌కు రాకముందే పుడుతోంది. ప్యాచ్ తెరిచి చూస్తే ఆంప్ ఛానెల్ వాల్యూమ్ 9, దాని తర్వాత సిగ్నల్‌ను ఇంకా పెంచే ఒక బూస్ట్. లోపలే డిజిటల్ హద్దు దాటిపోయిన సిగ్నల్‌ను బయట ఎంత తగ్గించినా బాగుపడదు. ఛానెల్ వాల్యూమ్ 6కు దించి, బూస్ట్ తీసేశాక శుభ్రపడింది. ఆ మార్పుకు మళ్లీ గెయిన్ కొంచెం పెంచుకున్నాను.

ప్యాచ్‌ల మధ్య సమానం చేయడమే ఎక్కువ రోజులు పట్టింది. మీటర్‌ను నమ్మి అన్నిటినీ ఒకే పీక్‌కు తెస్తే గరగరలాడే డ్రైవ్ టోన్లు చెవులు చిల్లులు చేశాయి, క్లీన్ టోన్లు వెనకబడ్డాయి. డ్రైవ్‌లో తీగ మీటిన దెబ్బ పైకొస నలిగిపోతుంది కాబట్టి పీక్ తక్కువే, నిండుదనం ఎక్కువ. చివరికి చెవితోనే సరిచేశాను, అదీ పగటిపూట, కాస్త పెద్ద శబ్దంలో. రాత్రిళ్లు నెమ్మదిగా పెట్టుకుని బేస్ పెంచిన ప్యాచ్‌లు చర్చిలో గుమ్మెత్తిపోయేవి. చిన్న శబ్దంలో చెవికి బేస్ తక్కువ వినబడుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారట. నాకు మాత్రం పాస్టర్ గారి ముఖం చూశాకే తెలిసింది.

మిగిలింది ల్యాప్‌టాప్ తగిలించినప్పుడు వచ్చే సన్నటి కీచు. ఎవరో ప్లగ్ ఎర్త్ పిన్ను తీసేయమన్నారు. గిటార్ తీగలు ఆ గ్రౌండ్‌కే కలిసి ఉంటాయి, ఎక్కడైనా లోపం వస్తే షాక్ నేరుగా చేతికే కొడుతుంది కాబట్టి ఆ పని చేయలేదు. రికార్డ్ చేసే కాసేపూ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడుపుతున్నాను.