నెలలు నిండని కాన్పుల మీద ఉద్యోగం

ఇండియా వెళ్లినప్పుడల్లా చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న, "అయితే నువ్వు అక్కడ కాన్పులు చేస్తావా అమ్మా?" చేయను. నాది పీహెచ్‌డీ, నొప్పులు ఎప్పుడొస్తాయో ముందే చెప్పే పరీక్ష కోసం పరిశోధన. కాన్పు అయ్యాక పక్కన పెట్టేసే మాయ నాకు కావాలి. ఈ మాట అనగానే మా పెద్దమ్మ మొహం మారిపోతుంది. మా ఊళ్లో మాయని గొయ్యి తీసి పాతిపెట్టేవాళ్లు, నేనేమో దాన్ని ముక్కలు కోసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో దాచి జీతం తీసుకుంటున్నాను మరి.

అమెరికాలోని ఒహైయోలో పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగంలో చేరినప్పుడు ఈ ఉద్యోగం పగటిపూటదే అనుకున్నాను. నెల తక్కువ కాన్పులు అపాయింట్‌మెంట్ తీసుకుని రావు కదా. జనవరి మంచులో అర్ధరాత్రి ఫోన్ మోగితే లేబర్ వార్డుకి ఐసు డబ్బా పట్టుకుని పోవాలి. ఆలస్యమయ్యేకొద్దీ కణాల్లో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూపించే ఆర్‌ఎన్‌ఏ పాడైపోతుంది. మాయ అంతా ఒకేలా ఉండదు కాబట్టి అంచులు వదిలేసి నాలుగైదు చోట్ల ముక్కలు తీసి, రక్తం కడిగి, లిక్విడ్ నైట్రోజన్లో వేయాలి. తల్లి సంతకం రీసెర్చ్ నర్సు ముందే తీసుకుని ఉంటుంది, కొందరు కుదరదంటారు, అది వాళ్ల ఇష్టం. ఈ రాత్రి డ్యూటీలు ఎక్కువగా ఇండియన్, చైనీస్ పోస్ట్‌డాక్‌లకే ఎందుకు పడతాయో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. వీసా మీద ఉన్నవాళ్లు కాదనరు, అంతే.

37 వారాలు నిండకముందు పుడితే నెల తక్కువ కాన్పు కింద లెక్క. 2020లో ప్రపంచం మొత్తం మీద అలా పుట్టినవాళ్లు దాదాపు కోటీ 34 లక్షలు, అందులో 30 లక్షల మంది మన దేశంలోనే. సంఖ్యలో మనమే ముందు. అయితే అమెరికాలో కూడా పదిమందిలో ఒకరు ఇలాగే పుడుతున్నారు, నల్లజాతి తల్లుల్లో ఇంకా ఎక్కువ. ఇంత డబ్బున్న దేశంలో ఎందుకని అడిగితే ఒక్క జవాబు లేదు. ఇది ఒక జబ్బు కాదు. ఒకరికి ఇన్‌ఫెక్షన్, ఒకరికి గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉండటం, ఒకరికి కవలలు, ఇంకొకరికి బీపీ పెరిగి గుర్రపువాతం (ఫిట్స్) వచ్చేలా ఉందని డాక్టర్లే ముందుగా కాన్పు చేయడం. చాలామందిలో కారణమే దొరకదు.

మా పెద్దమ్మ ఇప్పటికీ ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అంటుంది. నిజానికి లోపల ఉన్న ప్రతి వారమూ బిడ్డకి లాభమే, ముఖ్యంగా ఊపిరితిత్తులకి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పనిచేస్తూ, స్టెరాయిడ్ ఇస్తే గొర్రెపిల్ల ఊపిరితిత్తులు త్వరగా ఎదుగుతున్నాయని గమనించాడు. 1972లో ఆయన, హౌవీ అనే ఇంకో డాక్టరు కలిసి నెల తక్కువ కాన్పు అయ్యేలా ఉన్న తల్లులకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి చూసిన ఫలితాలు ప్రచురించారు. అమెరికాలో నిపుణులంతా కూర్చుని దీన్ని విస్తృతంగా వాడమని చెప్పేసరికి 1994 వచ్చింది. 22 ఏళ్లు! కాగితం మీద రుజువైన మందు వార్డులోకి రావడానికి ఇంతకాలం పట్టిందంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది.

దీనికి పూర్తిగా తిరగబడిన కథ మకేనా అనే మందుది. ముందోసారి నెల తక్కువ కాన్పు అయినవాళ్లకి వారం వారం వేసే హార్మోన్ ఇంజెక్షన్. 2003లో వచ్చిన ఒక్క ట్రయల్ (తల్లుల మీద చేసిన పరీక్ష) ఆధారంగా 2011లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తొందరగా అనుమతి ఇచ్చింది, కంపెనీ ఒక్కో డోసు 1500 డాలర్లంది. అదే మందుని అంతకుముందు ఫార్మసీలు పది, ఇరవై డాలర్లకి కలిపి ఇచ్చేవి. గొడవయ్యాక ధర తగ్గించారు. 2019లో సుమారు 1700 మంది తల్లుల మీద చేసిన పెద్ద ట్రయల్లో ఆ మందుకీ, మందు లేని ఉత్తి ఇంజెక్షన్‌కీ తేడా కనపడలేదు. 2023 ఏప్రిల్‌లో అనుమతి రద్దు చేశారు. ఫలితం వచ్చినప్పుడు మా రంగంలో చాలామంది నీరుగారిపోయారు. నాకైతే మేం చేసిన మంచి పనుల్లో అదొకటి అనిపిస్తుంది. పనిచేయదని తేలకపోతే తల్లులు ఇంకా వారం వారం సూదులు పొడిపించుకుంటూ ఉండేవాళ్లు.

ఇక వీసా సంగతి. యూనివర్సిటీలో హెచ్‌1బి ఉద్యోగ వీసాకి లాటరీ ఉండదు, అదొక్కటే ఊరట. ఉద్యోగం గ్రాంటు (పరిశోధనకి ఇచ్చే నిధులు) మీద, వీసా ఉద్యోగం మీద, ఇంటి అద్దె అగ్రిమెంటు వీసా మీద ఆధారపడి ఉంటాయి. ఒకసారి గ్రాంటు పొడిగింపుకి ఇచ్చే స్కోరు కాస్త తేడాగా వచ్చి, ల్యాబ్‌లో అందరం కొత్త ఉద్యోగాలు వెతుక్కున్నాం. నొప్పులు ఎప్పుడొస్తాయో చెప్పే పరీక్ష కోసం పనిచేస్తున్నాను గానీ, నా గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో నేనే చెప్పలేను.

ఇండియాలో జరుగుతున్న పనిని ఈమధ్య ఎక్కువ చూస్తున్నాను. 2015లో గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో గర్భిణి అనే అధ్యయనం మొదలైంది, తల్లుల్ని తొలి నెలల నుంచే స్కాన్లు తీస్తూ గమనిస్తారు. అసలు గర్భం వయసే తప్పు లెక్కేస్తే నెల తక్కువో కాదో ఎలా చెబుతాం? చివరి నెలసరి తేదీ చాలామందికి కచ్చితంగా గుర్తుండదు, స్కాన్ కొలతల నుంచి గర్భం వయసు లెక్కేసే సూత్రాలేమో ఎక్కువగా పాశ్చాత్య దేశాల్లో తయారైనవి. అందుకే మన తల్లుల స్కాన్ కొలతలతో కొత్త సూత్రం తయారుచేశారు. పైకి చిన్నగా కనిపిస్తుంది గానీ మా ల్యాబ్‌లోని ఖరీదైన మిషన్ల కన్నా ఇదే ముందు కావాలి.

హైదరాబాద్ నుంచి పోస్ట్‌డాక్ గురించి అడిగే పిల్లలకి నేను చెప్పేది ఇదే: ఇంటర్వ్యూలో మీ రీసెర్చ్ గురించి మాట్లాడింది చాలు, గ్రాంటు ఎన్నేళ్లు మిగిలి ఉంది, రాత్రి ఫోన్ ఎవరికొస్తుంది, ఆ శాంపిళ్లతో రాసే పేపర్లో మీ పేరు ఉంటుందా అని మొహమాటం లేకుండా అడగండి. జవాబు నాన్చితే ఇంకో ల్యాబ్ చూసుకోండి.