కోనెం చేప పళ్లకి నాలుగు లూర్లు సమర్పించుకున్నాక

నాది శ్రీకాకుళం. సెలవు దొరికితే తెల్లారేసరికి కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర గాలం రాడ్ పట్టుకుని నిలబడతాను. పోయిన చలికాలం రెండు వారాల్లో మూడు లూర్లు, అంటే చేపని మభ్యపెట్టే బొమ్మ ఎరలు, పోయాయి. ప్రతిసారీ ఒకటే తీరు, గట్టిగా ఒక్క గుంజు, ఆ వెంటనే లైన్ ఖాళీగా తేలిపోవడం.

నా ముళ్లనే తిట్టుకున్నాను. అక్కడ వల బాగుచేసుకుంటున్న తాత ఒకాయన నా తంగూసు కొస వేళ్ల మధ్య పెట్టి చూసి, "ముడి జారితే కొస రింగులు తిరుగుతాది బాబూ, రాయికి రాసుకుంటే పీచు లేస్తాది. ఇది సూడు, బ్లేడుతో కోసినట్టు లేదా? కోనెం కత్తెరేసింది" అన్నాడు. కోనెం అంటే మీరు వంజరం అనేదే.

సరే, మందం పెంచితే పోద్ది అనుకుని లూర్‌కి ముందుండే 40 పౌండ్ల లాగుడు తట్టుకునే ఫ్లోరోకార్బన్ తంగూసు తీసి 80 కట్టాను. నీళ్లలో పెద్దగా కనపడదు, రాళ్ల దగ్గర బాగా తట్టుకుంటుంది, కానీ కోనెం పళ్ల ముందు 40 అయినా 80 అయినా కొస వాటికి సరిగ్గా దొరికితే తెగాల్సిందే. పైగా చిన్న లూర్ ఈత పాడైంది.

తర్వాత షాపులో రెడీమేడ్‌గా దొరికే తీగ లీడర్ (లూర్‌కి ముందు కట్టే ముక్క) కొన్నాను, ఏడు పోగుల తీగ మీద నైలాన్ తొడుగు, చివర తళతళలాడే స్వివెల్, అంటే లైన్ మెలి పడకుండా తిరిగే చిన్న లోహపు కీలు. తీగ తెగలేదు. ఆ మెరుపుని చిన్న చేప అనుకుని కోనెం స్వివెల్‌నే కొట్టింది, దాని పైనున్న బ్రెయిడ్ (రీలు నుంచి వచ్చే అల్లిక లైన్) తెగింది. లూర్, తీగ రెండూ గోవిందా! అప్పుడు మాత్రం నవ్వొచ్చింది, ఇంటికెళ్లాక ఏడుపొచ్చింది.

ఇప్పుడు వాడేది ఒంటి పోగు స్టెయిన్‌లెస్ తీగ, నాలుగో నంబరు, మందం 0.33 మిల్లీమీటర్లు, సుమారు 40 పౌండ్లు. పొడవు జానెడు చాలు, ఎక్కువైతే నీటి మీద ఆడే పాపర్ రకం లూర్ ముక్కు ముంచేస్తుంది. దాని పైన మెరవని చిన్న నల్ల స్వివెల్, ఆ పైన ఒక బారెడు ఫ్లోరోకార్బన్, ఆపైన 30 పౌండ్ల బ్రెయిడ్. ఈ తీగకి మామూలు ముడి పడదు, మెలేయాలి. కొసని లూర్ రింగులోంచి తీసి వెనక్కి మడిచాక, ఆ రెండు పోగులూ ఒకదాన్నొకటి సమానంగా చుట్టుకునేలా ఐదారు మెలికలు, తర్వాత మిగిలిన కొసని అడ్డంగా, దగ్గర దగ్గరగా ఐదారు చుట్లు. మొదట్లో నాకు ఒక పోగు నిటారుగా ఉండిపోయి రెండోది మాత్రమే దాని చుట్టూ తిరిగేది, అలాంటిది లాగితే జారిపోతుంది. కొసని కటింగ్ ప్లేయర్‌తో కొయ్యకండి, ముల్లు మిగిలి వేలు చీరుతుంది. తిప్పే పిడిలా వంచి అటూ ఇటూ ఆడిస్తే చుట్ల మొదలు దగ్గరే నున్నగా విరుగుతుంది.

ఏటి లోపల పండుగప్ప కోసమైతే తీగ దండగ. దానికి కోసే పళ్లుండవు, మొప్ప రేకు అంచే పదును, అందుకు 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ సరిపోతుంది, చేప చేపకీ గోరుతో తడిమి గరుకు తగిలినంత మేర కోసెయ్యాలి.

మొన్న రెండు కిలోల కోనెం పడింది. లూర్ దక్కింది గానీ తీగ జిలేబీలా తిరిగిపోయింది. ముడత పడ్డ తీగని సాగదీసి మళ్లీ వాడితే అక్కడే పుటుక్కుమంటుంది, అందుకే దాన్ని కవర్లో పడేసి ఇంకోటి తగిలించాను. ఇంట్లో టీవీ చూస్తూ ఒకేసారి పది చుట్టి పెట్టుకుంటాను లెండి.