270 రూపాయల తేడా

పొద్దున ఏడున్నరకే నాగోల్‌లో మెట్రో ఎక్కాను. రాయదుర్గం దాకా ఒకటే లైను కాబట్టి సీటు దొరికితే చాలు, మళ్లీ లేవక్కర్లేదు. అక్కణ్ణుంచి షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడ. అక్కడ ఒక కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగానికి వాక్-ఇన్ ఇంటర్వ్యూ. నలభై మందిదాకా వచ్చారు. పక్కన కూర్చున్న ఇద్దరూ నాలాగే సీఏ ఇంటర్‌లో, అంటే సీఏ రెండో దశ పరీక్షలో, ఒక గ్రూపు పాసై ఆగిపోయినవాళ్లు. ఆర్టికల్‌షిప్, అదే సీఏ దగ్గర చేసే శిక్షణ, ఇప్పుడు మూడేళ్లు కాదు, రెండేళ్లే కదా, మళ్లీ కూర్చుందామా అన్నది ఒకమ్మాయి. నేనైతే తల మాత్రం ఊపాను.

నా నోట్‌బుక్‌లో ఒక పేజీ నిండా ఇవే రాసుకున్నాను: సీఏ, పెట్టుబడుల విశ్లేషణకి సీఎఫ్‌ఏ, బ్యాంకు ఆఫీసరుగా చేరే పీఓ, ఇన్సూరెన్స్‌లో రిస్కు లెక్కలు కట్టే యాక్చువరీ. ఒక్కోదాని పక్కన ఫీజు, ఎన్నేళ్లు పడుతుంది, జీతం ఎంత. ఆ ఉద్యోగంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారో మాత్రం ఒక్కదాని పక్కనా లేదు.

పదకొండున్నరకి పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఒకవైపు బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంకోవైపు కంపెనీ పుస్తకం, అరవై ఎంట్రీలు, ఇరవై నిమిషాలు. రెండింటికీ తేడా 270, అది ఎక్కడుందో పట్టుకోవాలి. ముందు 270 ఉన్న ఎంట్రీ కోసం వెతికాను, లేదు. డెబిట్‌ని క్రెడిట్‌లో వేస్తే తేడా రెండింతలు చూపిస్తుంది కదా, అలా వేసుంటారేమోనని సగం, 135 కోసం వెతికాను. అదీ లేదు. టైమ్ అయిపోయిందన్నారు. ఇరవై నిమిషాలు ఎలా పోయాయో తెలీలేదు, కోపం కూడా వచ్చింది, ఇంకో ఐదు నిమిషాలిస్తే ఏం పోయింది అని. ఇలా రెండు లెక్కల్ని సరిపోల్చే పనిని రీకన్ (రీకన్సిలియేషన్) అంటారట. అమెరికా టైమింగ్స్, సాయంత్రం షిఫ్టు, క్యాబ్ ఇస్తారు. మెయిల్ చేస్తామన్నారు.

తిరిగి వస్తూ హబ్సిగూడలో దిగి బాబాయ్ వాళ్లింటికి వెళ్లాను. ఆయన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో చేసి రిటైరయ్యారు. 2017లో అది ఎస్‌బీఐలో కలిసిపోయినా ఇప్పటికీ "మా హైదరాబాద్ బ్యాంకు" అనే అంటారు. సంగతి చెప్పగానే టీ గ్లాసు పక్కన పెట్టి అడిగారు.

"తొమ్మిదితో భాగించి చూశావామ్మా?"

"ఎందుకు బాబాయ్?"

"శేషం లేకుండా పోతే అంకెలు తారుమారు అయ్యుంటాయి. 4,850 అనాల్సింది 4,580 అని కొట్టుంటారు. తీసెయ్, ఎంతొస్తుంది?"

270.

లెడ్జర్లు చేత్తో రాసే రోజుల్లో బ్యాలెన్సు కుదరక రాత్రి పదింటి దాకా కూర్చునేవారట, మొదట తొమ్మిదితో భాగించి చూశాకే పేజీలు తిరగేసేవారట. ఆరు సెమిస్టర్లు బీకామ్ చదివాను, ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. పరీక్ష పోయిందన్న బాధ కంటే దొరికిందన్న సంతోషమే ఎక్కువైంది, అదేం విడ్డూరమో.

పిన్ని మాత్రం వంటింట్లోంచే, "ఆ బ్యాంకు పరీక్షేదో రాసెయ్యవే, సంబంధాల వాళ్లకి చెప్పుకోడానికీ బాగుంటుంది" అంది.

రాత్రి అమ్మ పాల లెక్క తెచ్చింది. పాలబ్బాయి చెప్పినదానికీ మన క్యాలెండర్‌కీ 64 రూపాయల తేడా. గబగబా తొమ్మిదితో భాగించాను, పోలేదు. చూస్తే ఏముంది, రోజుకి 32 చొప్పున రెండు రోజులు పాలు పోయించుకుని ఎవరమూ టిక్కు పెట్టలేదు. ఒకటి పోయిన ఆదివారం, ఆ రోజు వంతు నాదే.