పాపకు నెగెటివ్ వచ్చింది

నిన్న మా పాప రిపోర్ట్ చేతికొచ్చింది. లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ లేదు. తొమ్మిది నెలలు దాటాక చేస్తేనే ఈ పరీక్ష సరిగ్గా తేలుతుందన్నారు. అందాకా ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని ఉన్నాం.

మాది సాలూరు దగ్గర ఒక పల్లె. కడుపుతో ఉన్నప్పుడు పీహెచ్‌సీలో చేసిన రక్తపరీక్షలో నాకు పాజిటివ్ అని తెలిసింది. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, రెండు లక్షలు దాటిందని వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. రోజుకొకటి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందు ఉచితం. వేసుకున్నాను, ఏ ఇబ్బందీ రాలేదు.

నన్ను ఏడిపించింది కాన్పు వార్డు. కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో రాశారు. రాయనీ, సూదులు పట్టుకునేవాళ్లకు తెలియాలి. కానీ ఆయా గుమ్మంలో నిలబడి "ఆ పాజిటివ్ అమ్మాయి ఎక్కడ?" అని కేకేసింది. వార్డంతా నావైపు తిరిగింది. పక్క మంచం ముసలామె మా అత్తయ్యను "ఎయిడ్సా అమ్మా?" అని అడిగి, జవాబు కూడా వినకుండా కూతురి సామాన్లు సర్దేసింది. నన్ను బాత్రూమ్ పక్క మంచానికి మార్చారు. నొప్పులు పడుతూ ఆ కంపులో పడుకున్నాను. ఈ జబ్బు పక్కన పడుకుంటేనో, ఒకే కంచంలో తింటేనో అంటుకోదు. ఆ సంగతి పల్లెటూరి ముసలామెకు తెలియకపోతే తప్పులేదు. ఆసుపత్రిలో జీతం తీసుకునేవాళ్లకు తెలియొద్దా?

పాప పుట్టాక నర్సు "పాలివ్వకు, బిడ్డకు వస్తుంది" అంది. పాప గుక్కపట్టి ఏడుస్తోంది, నాకు పాలు పొంగుతున్నాయి. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మ "ఎవరు చెప్పారు? ముందు పట్టు" అని కసిరాక గానీ బిడ్డను నా ఒళ్లో పెట్టలేదు.

పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలని, దాంతోపాటు వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా వేయాలని నాకు ముందే తెలుసు. అది స్టాకు లేదు, బయట కొనుక్కోమన్నారు. బయట అది వేలల్లో ఉంటుంది. ఇది కూడా ఉచితంగా ఇవ్వాలి కదా అని మా ఆయన సూపరింటెండెంట్ గది ముందు కూర్చున్నాడు. సాయంత్రానికి వాళ్ల ఫ్రిజ్‌లోనే దొరికింది! నేను చదివింది పదో తరగతే, అయినా అడిగి వేయించుకున్నాను. మీరూ అడగండి, సిగ్గుపడకండి. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు మా ఏఎన్ఎం అక్క ఇంటికొచ్చి గుర్తుచేసి మరీ వేయించింది. ఆమెకు దణ్ణం పెట్టాలి.

కాన్పయ్యాక కూడా నా లివర్ పరీక్షల్లో అంకెలు ఎక్కువగానే ఉన్నాయని మాత్ర ఆపలేదు. సొంతంగా ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ దెబ్బతినొచ్చట. మధ్యమధ్యలో క్రియాటినిన్ కూడా చూస్తారు, ఈ మందు కిడ్నీలను దెబ్బతీస్తుందేమోనని. మా చిన్నాన్న పసరు మందు తాగమని పోరుతున్నాడు. తాగను.

నాకిది పుట్టుకతో అమ్మ నుంచే వచ్చి ఉండొచ్చని డాక్టరమ్మ అంది. అమ్మను పరీక్షకు రమ్మంటే "నా పేరు కూడా అలా కేకేస్తారేమో" అని వణుకుతోంది. సోమవారం తీసుకెళ్తున్నాను. రిపోర్ట్ మడిచి నా చేతికే ఇవ్వమని ల్యాబ్ అబ్బాయికి ఇప్పటికే చెప్పి వచ్చాను.